పాత కీర్తనా, కొత్త వర్షిప్పా? మన పాటను చర్చి బయట నిలబెట్టి చేస్తున్న పంచాయితీ

మన దిక్కు చర్చిల్లో ఇప్పుడు ఒక లొల్లి నడుస్తున్నది. బల్మూర్, అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ వైపు ఏ సంఘంలో కూర్చున్నా కొంచెంసేపటికి ఆ ముచ్చట వస్తది. పెద్దోళ్లు పాత కీర్తనలే పాడాలంటరు. పుస్తకం తెరిచి, నంబరు చెప్పి, హార్మోనియం మీద నిమ్మళంగా పాడితేనే భక్తి అంటరు. పిల్లగాళ్లు కీబోర్డు, రిథమ్ ప్యాడ్, గిటారు కావాలంటరు. ఫోన్లో విన్న కొత్త వర్షిప్ పాటలు పాడితేనే ఆత్మ కదులుతదంటరు. కొన్ని చోట్ల ఈ గొడవకు సంఘాలే రెండుగా చీలినయి. పాత చర్చి ఒక దిక్కు, కొత్త షెడ్డు ఇంకో దిక్కు.

ఈ పంచాయితీలో మీరు ఎవరి దిక్కు అని నన్ను అడుగుతున్నరు. నేను ఎవరి దిక్కూ లేను. ఎందుకంటే ఇది మన పంచాయితీ కాదు. బయటి నుంచి వచ్చిన రెండు పాటలు మన ఇంట్లో జాగా కోసం కొట్లాడుకుంటున్నయి. ఇంటోళ్ల పాట మాత్రం గడప బయట నిలబడి ఉన్నది. దాన్ని లోపలికి పిలవాలని పాత పక్షం అంటలేదు, కొత్త పక్షమూ అంటలేదు. ఇద్దరికీ ఒక విషయంలో మాత్రం కొట్లాట లేదు: తండా పాట, పెంట పాట దేవుని ముందర పనికిరాదు.

నేను అడిగేది ఆ ఒప్పందం గురించే.

ముందు పాత పక్షం సంగతి చూద్దాం. "ఇది మన సంప్రదాయం" అంటరు. ఎవరి సంప్రదాయం? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటది. ఆ పుస్తకంలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి గారిది. 1803లో పుట్టి 1890లో పోయిండు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన పండితుడు. ఆయన చదువు, ఆయన ఛందస్సు, ఆయన విన్న సంగీతం ఆ కీర్తనల్లోకి వచ్చింది. అందులో తప్పేం లేదు. ఎవరైనా తన గొంతుతోనే దేవుణ్ణి పిలుస్తడు. ఆయన తన గొంతుతో పిలిచిండు, గొప్పగా పిలిచిండు. అవే పుస్తకాల్లో ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసిన పాటలూ ఉన్నయి. తెల్లదొరల బాణీ, తెలుగు మాట. పాడుతుంటే మాట ఒక దిక్కు, తాళం ఇంకో దిక్కు పోతది.

ఈ పాటలు మన దాకా ఎట్ల వచ్చినయి? 1899లో అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు నిజాం రాజ్యానికి వచ్చిండ్రు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి అన్నీ వాళ్ల పని నడిచిన జాగాలే. వాళ్లకంటే ముందు అమెరికన్ బాప్టిస్టులు పాలమూరుకు వచ్చిండ్రు. మిషన్లోళ్లు బడులు పెట్టిండ్రు, మెన్నోనైట్లు జడ్చర్లలో దవాఖాన పెట్టిండ్రు. ఆ దవాఖాన మన దిక్కు ఎంతమంది పేదలకు ఆసరా అయిందో పెద్దోళ్లను అడిగితే చెప్తరు. ఆ మేలును కాదనేటోణ్ణి కాదు. కానీ బడితో, మందుతో పాటు ఒక పాటల పుస్తకం కూడా వచ్చింది. దేవుని ముందర ఎట్ల కూర్చోవాలి, ఏ భాష మాట్లాడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది కూడా ఆ పుస్తకంతోనే వచ్చింది. తాతల కాలంలో వచ్చిందాన్ని మనుమలు మన సంప్రదాయం అంటున్నరు. మన దగ్గర పాతగా ఉన్నదల్లా మనం పుట్టించింది కాదు.

ఇగ కొత్త పక్షం. వాళ్లు "మేము స్వేచ్ఛగా ఆరాధిస్తున్నం, పాత సంకెళ్లు తెంపినం" అంటరు. కొంత నిజమే. ఈ పాటల్లో చప్పట్లు ఉన్నయి, లేచి నిలబడటం ఉన్నది, కన్నీళ్లు ఉన్నయి. గంటన్నర సేపు గోడకు అతుక్కొని కూర్చున్న పిల్లలు ఇక్కడ ఒళ్లు కదిపి పాడుతున్నరు. యువత అటు పోతున్నదంటే అందులో ఏదో ఉన్నది. దాన్ని "సినిమా పాటలు" అని తిట్టి ఊరుకునే పెద్దోళ్లు ఆ ఆకలిని చూస్తలేరు. మనిషి ఒంటికి ఆట కావాలి. మన అమ్మమ్మలకు అది తెలుసు. పాత పుస్తకానికి తెలియదు.

కానీ ఆ కొత్త పాట ఎక్కడి నుంచి వస్తున్నది? హైదరాబాద్, విజయవాడ స్టూడియోల నుంచి వస్తున్నది. ఆ స్టూడియోలు ఏం వింటున్నయి? ఆస్ట్రేలియా, అమెరికా పెద్ద చర్చిల పాటలు వింటున్నయి, తెలుగు సినిమా పాటలు వింటున్నయి. అక్కడ తయారైన ట్రాక్‌ను ఇక్కడ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, దాని మీద గొంతు కలుపుతున్నరు. పాత రోజుల్లో నంబరు పుస్తకం చెప్పింది, ఇప్పుడు ఫోన్ చెప్తున్నది. చెప్పేటోడు మారిండు, వినేటోళ్లం మనమే.

పైగా దీనికి పైసలు కావాలె. కీబోర్డు, మిక్సర్, స్పీకర్ బాక్సులు, మైకులు, ఇన్వర్టర్. ఇరవై ముప్పై కుటుంబాలు ఉన్న తండా సంఘం ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తది? కానుకల పైసలు, అప్పు పైసలు. ఉపాధి హామీ కూలీ రాక నెలలు ఎదురుచూసే ఆడోళ్లు, తునికాకు కట్టలు కట్టే ఆడోళ్లు ఇచ్చిన పది రూపాయలు పోయి సౌండ్ బాక్స్ అవుతయి. ఆ బాక్సులోంచి వచ్చే పాటలో మళ్లీ ఆ ఆడమనిషి గొంతు వినిపించదు. స్టేజీ మీద నలుగురు, మైకులు నాలుగు. మిగతా అందరూ చూసేటోళ్లు. మన పాటలో చూసేటోళ్లు అని వేరే ఎవరూ ఉండరు. తీజ్ పండుగలో గుండ్రంగా నిలబడి అడుగు వేసే ఆడబిడ్డల్లో ప్రేక్షకులు ఎవరో చూపించండి.

ఇప్పుడు గడప బయట నిలబడ్డ పాట గురించి చెప్త.

మా తండాల్లో గోర్‌బోలీ ఉన్నది. దానికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లో రాసుకుంటం. పుస్తకం లేని భాష అంటే పాటలో బతికే భాష. పెండ్లిలో ఆడపిల్ల పుట్టింటిని విడిచేటప్పుడు తల్లిని, వదినను పట్టుకొని ఏడుస్తూ పాడే ఢావ్లో ఉన్నది. ఆ ఏడుపుకే ఒక బాణీ ఉన్నది. తీజ్ తొమ్మిది రోజుల పాటలున్నయి. నంగారా ఉన్నది, కంచు పళ్లెం ఉన్నది. చెంచు పెంటల్లో పెండ్లి పాటలు ఉన్నయి, అడవి పేర్లు, చెట్ల పేర్లు, వాగుల పేర్లు దాచుకున్న పాటలు ఉన్నయి. 1940 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టు అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం వేసిండు. గారెల మైసమ్మకు వేటలో తొలి భాగం పెట్టే చెంచుల గురించి ఆయన రాసిండు. పేరు పెట్టి పిలిచే దేవత, పిలవడానికి మాట, మాటకు తాళం ఇక్కడ ముందు నుంచే ఉన్నయి. మిషన్ వచ్చే నాటికి ఈ నేల మూగది కాదు.

లింగాల మండలం అవుసలికుంట నుంచి దర్శనం మొగిలయ్య కిన్నెర పట్టుకొని వస్తే 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఆయన దక్కలి కులం మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడినోడు. ఎనిమిదో తరగతి పాఠంలో పెట్టిండ్రు, సినిమాలో పాడించిండ్రు. బల్మూర్‌కు పక్క మండలమే. రాష్ట్రపతి భవన్‌కు పోయి వచ్చిన కిన్నెర మన చర్చి గడప దాటిందా? నేనైతే చూడలే. సింథసైజర్‌కు ఉన్న చోటు కిన్నెరకు లేదు.

ఎందుకు లేదని అడిగితే జవాబు ఒకటే: "అవి దయ్యాల వాయిద్యాలు. విగ్రహాల ముందర మోగినవి."

ఈ మాటను జర నిలబెట్టి చూద్దాం. కీబోర్డు ఎక్కడెక్కడ మోగింది? బార్లల్లో మోగలేదా? రికార్డింగ్ డ్యాన్సుల్లో మోగలేదా? హార్మోనియం సురభి నాటకాల్లో, భజనమందిరాల్లో మోగలేదా? తబలా ఏ గుడిలో మోగలేదు? గిటారును మాత్రం ఎవరూ బాప్తిస్మం సర్టిఫికెట్ అడగరు. మన డప్పు, మన నంగారా వచ్చినప్పుడే పుట్టుపూర్వోత్తరాలు అడుగుతరు. కీర్తనల రాగాలు కూడా గుడుల్లో పుట్టి పెరిగినవే కదా. పెద్దకులం గుడిలో పుట్టిన రాగం పవిత్రమైంది, చెట్టు కింద పుట్టిన దరువు అపవిత్రమైంది. దయ్యం పేరు చెప్పి ఇక్కడ నడుస్తున్నది కులమే. బైబిల్లో 150వ కీర్తన చదువుకున్నోళ్లకు తెలుసు, అందులో బూర ఉన్నది, తంబుర ఉన్నది, గణగణ మోగే తాళాలు ఉన్నయి, నాట్యం కూడా ఉన్నది. ఏ వాయిద్యానికీ జాతి పేరు రాసి లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలె. డప్పును వదిలినోళ్లందరూ సిగ్గుతో వదలలేదు. 1878 జులై 3న ఒంగోలు దిక్కు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిండ్రు. క్లౌ దొర మిషన్ అది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్రైస్తవులైనంక ఊరి జాతరల్లో డప్పు కొట్టేది లేదని వాళ్లు నిలబడ్డరు. రెడ్లు, కరణాలు మండిపడ్డరు, పనులు బంద్ పెట్టిండ్రు. ఎందుకు? ఆ డప్పు వెట్టి డప్పు. కొట్టకపోతే దెబ్బలు పడే డప్పు. దాన్ని కింద పడేయడమే ఆ రోజు తిరుగుబాటు. ఆ తిరుగుబాటుకు నేను దండం పెడుత.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1994లో ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు దానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. అదే డప్పు, ఈసారి తమ కోసం తాము కొట్టిండ్రు. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని ధూంధాం ఎక్కడ జరిగింది? వెట్టి డప్పును వదిలే హక్కు, సొంత డప్పును ఎత్తుకునే హక్కు రెండూ ఆ జాతి చేతిలోనే ఉండాలె. నేను చెప్పే సూత్రం అదే. ఏది వదలాలి, ఏది ఉంచాలి అన్నది మనం కూర్చొని తేల్చుకోవాలె. మన గిరిజనుల కాడ అది జరగలేదు. మన పాట ఎవరి వెట్టి కోసమూ పుట్టింది కాదు. మనతో అడగకుండా, మన పెద్దలతో కూర్చోకుండా, బయటోడు వచ్చి "ఇది వదిలేయ్" అన్నడు. మనం వదిలేసినం.

మిగతా చోట్ల ఇదే కథ ఎట్ల నడిచిందో చూడండి. మిజోరంలో 1894లో మిషనరీలు అడుగుపెట్టిండ్రు. మిజోల డోలును ఖువాంగ్ అంటరు. సారా విందుల్లో, పాత పండుగల్లో మోగేదని దాన్ని చర్చిలోకి రానియ్యలే. 1919లో అక్కడ పెద్ద ఉజ్జీవం లేచింది. మిజో జనం తమ బాణీలో తామే పాటలు కట్టుకున్నరు, డోలు తెచ్చుకున్నరు, గుండ్రంగా తిరిగి ఆడిండ్రు. ఎవరూ ఆపలేకపోయిండ్రు. ఇయ్యాల మిజో చర్చిలో డోలు లేకుండా ఆరాధన ఊహించుకోవడమే కష్టం. వాళ్ల క్రైస్తవం పలచబడిందా? దేశంలో అంత గట్టి క్రైస్తవులు ఇంకెక్కడున్నరు?

తమిళనాడులో మదురై థియలాజికల్ సెమినరీలో థియోఫిలస్ అప్పావూ అనే ఆయన ఉండె. 2005లో పోయిండు. దళితుడు. "ఇండియన్ సంప్రదాయం" పేరుతో చర్చి కర్ణాటక సంగీతాన్ని తెచ్చి పెడుతుంటే ఆయన ఎదురు మాట్లాడిండు. తెల్లోళ్ల పాట తీసేసి అగ్రకులాల పాట పెడితే పేదోనికి ఏం ఒరిగిందని అడిగిండు. పల్లె బాణీల్లో, పల్లె భాషలో ఆరాధన మొత్తం కట్టిండు. ఆయన పాటల మీద జోయి షెరీనియన్ అనే అమెరికా పరిశోధకురాలు 2014లో పెద్ద పుస్తకమే వేసింది. ఆ ప్రశ్న మన తెలుగు చర్చిలో ఇంకా గట్టిగా పడనే లేదు.

కాథలిక్కుల సంగతి చూస్తే, 1963 డిసెంబర్ 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద పత్రం ఇచ్చింది. మిషన్ దేశాల్లో జనాలకు సొంత సంగీత సంప్రదాయాలు ఉంటయి, వాటికి తగిన గౌరవం, తగిన చోటు ఇవ్వాలని అందులో రాసుకున్నరు. అరవై ఏండ్లు దాటింది. రోములో ఒప్పుకున్న మాట మన పాస్టరయ్యల దాకా రావడానికి ఇంకెన్నేండ్లు పడతది?

దూరం ఎందుకు, మన పాలమూరు మట్టి మీద పెరిగిన మనిషి మాటే వినండి. పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మెన్నోనైట్ మిషనరీ ఇంట్లో పుట్టిండు. పాలమూరు జిల్లా పల్లె మీద "కొండూరు" అని 1971లో పుస్తకం వేసిండు. తర్వాత అమెరికాలో మిషనరీలకే పాఠాలు చెప్పే ప్రొఫెసర్ అయిండు. ఆయన చెప్పింది ఏందంటే: జనం పాత ఆచారాన్ని ఏం తెలుసుకోకుండా కొట్టేయొద్దు, ఏం చూడకుండా కలిపేసుకోవద్దు. ముందు ఆ ఆచారం అర్థం ఏందో వాళ్లనే అడిగి తెలుసుకోవాలె. తర్వాత లేఖనం చూడాలె. ఆ తర్వాత సంఘమంతా కూర్చొని ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏది వదలాలి అని తేల్చాలె. తేల్చేది సంఘం, పాస్టర్ ఒక్కడు కాదు, బయటి బోర్డు కాదు. బలవంతంగా కొట్టేస్తే పాతది పోదు, చాటుకు పోతది అని కూడా ఆయన హెచ్చరించిండు. ఈ మాట నిజమో కాదో మీకు తెలుసు. పొద్దున చర్చిలో కీర్తన, పిల్లగానికి జ్వరం వస్తే రాత్రి చాటుగా చెట్టు కాడికి. మనిషిని రెండు ముక్కలు చేసినం. హీబర్ట్‌ను ఇచ్చిన మిషన్ సంఘాలే ఆయన పాఠం మరిచినయి.

"పాత పాటల్లో వేరే దేవుళ్ల పేర్లున్నయి కదా, క్రైస్తవుడు అవెట్ల పాడతడు?" అని అడిగేటోళ్లు ఉన్నరు. అడగాల్సిన ప్రశ్నే. సేవాభాయాకు భోగ్ పెట్టే పాటను చర్చిలో పాడమని నేను అంటలేను. అట్లంటే అటు సేవాభాయాను నమ్మేటోళ్లకూ అవమానమే, ఇటు యేసును నమ్మేటోళ్లకూ అవమానమే. నేను అడిగేది భాష, బాణీ, అడుగు, దరువు. గోర్‌బోలీలో కొత్త పాట కట్టండి. ఢావ్లో బాణీలో సిలువ కాడ ఏడ్చిన తల్లి పాట కట్టండి, ఏ తండా తల్లికి అర్థం కాదో చూస్త. పౌలు, బర్నబా యెరూషలేంకు పోయి ఏం కొట్లాడిండ్రు? అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం తీసి చూడండి. అన్యజనులు యేసును నమ్మాలంటే ముందు యూదులు కావాల్నా అన్నదే ఆ పంచాయితీ. అక్కర్లేదని పెద్దలు తీర్పు చెప్పిండ్రు. మరి చెంచు యేసును నమ్మాలంటే ముందు కోస్తా తెలుగోడు కావాల్నా? లంబాడీ ఆడబిడ్డ ముందు గోర్‌బోలీని గుమ్మం బయట విడిచి రావాల్నా?

ఇప్పుడు అసలు ప్రమాదం చెప్త. ఇది పాటల ముచ్చట, ఉద్యమానికి ఏం పని అనుకునేటోళ్లు దీన్ని శ్రద్ధగా చదవండి.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉన్నది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. అంటే గిరిజనుడు ఏ దేవుణ్ణి మొక్కినా గిరిజనుడే. దీన్ని మార్చాలని, మతం మారిన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలని దేశమంతా ఒక ప్రచారం నడుస్తున్నది. డీలిస్టింగ్ అంటున్నరు. కార్తీక్ ఉరావ్ కాలం నుంచీ ఉన్న వాదన అది, ఇప్పుడు సభలు, ర్యాలీలతో మళ్లీ లేచింది. వాళ్ల వాదన ఏంది? "వీళ్లు తమ భాష వదిలిండ్రు, పండుగ వదిలిండ్రు, ఆచారం వదిలిండ్రు. ఇంకేం గిరిజనులు?"

2004లో కేరళ ప్రభుత్వం, చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదన్నది. అది మనకు బలం. కానీ ఆ మనిషి ఇంకా ఆ తెగ ఆచారాలు, సంప్రదాయాలు పాటిస్తున్నడా, ఆ సామాజిక ఇబ్బందులు అనుభవిస్తున్నడా అన్నది చూడాలని కూడా అన్నది. ఆ రెండో మాటను ఎవరు పట్టుకొని వస్తరో మీకు నేను చెప్పాల్నా? తీజ్‌కు పోవద్దు, గోర్‌బోలీ పాట పాడొద్దు, డప్పు ముట్టొద్దు అని చర్చిలో ప్రసంగం చేసే ప్రతి పాస్టరయ్య తెలియకుండానే డీలిస్టింగ్ వాళ్లకు సాక్ష్యం తయారుచేసి పెడుతున్నడు. పాడకపోతే ఎస్టీ హోదా పోతదని నేను అంటలేను. హక్కు పాట మీద ఆధారపడి ఉండొద్దు. కానీ తెగ అంటే సర్టిఫికెట్ ఒక్కటే కాదు. కలిసి పాడే నోరు, కలిసి వేసే అడుగు కూడా. అవి మనమే తీసేసుకుంటే ఇగ కొట్లాడేటప్పుడు ఏం చూపిస్తం?

ఈ వ్యాసం పట్టుకొని చర్చిల మీదికి పోదామని చూసేటోళ్లకు కూడా ఒక మాట. మీకు ఇక్కడ ఏం దొరకదు. ఎవరు ఎవరిని మొక్కాలన్నది వాళ్ల ఇష్టం, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు. మా పెంటలో చర్చి ఉండాల్నా వద్దా అన్నది మీరు చెప్పేది కాదు. పైగా ఇదే పని మీరూ చేసిండ్రు. చెంచు ఆడబిడ్డ చెంచులక్ష్మిని అహోబిలం నరసింహస్వామికి ఇచ్చి, కథ మీరు తీసుకున్నరు, చెంచును మెట్ల కాడ నిలబెట్టిండ్రు. సలేశ్వరం జాతరలో కూడా ఇయ్యాల డీజే బాక్సులే అరుస్తున్నయి. మన పాటను మింగేది ఒక్క చర్చి కాదు. చర్చిని ఎందుకు అడుగుతున్నమంటే, ఆ చర్చిలో కూర్చున్నది మన అక్కలు, మన తమ్ముళ్లు. ఇంటోళ్లను ఇంటోళ్లు అడగకపోతే ఎవరు అడుగుతరు?

అడిగి ఊరుకుంటే లాభం లేదు. ఏం చేయాలో కూడా చెప్త. వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

ఒకటి, సంఘంలో ముసలమ్మలను ముందు కూర్చోబెట్టండి. సాక్ష్యం గోర్‌బోలీలో చెప్పనియ్యండి, ప్రార్థన గోర్‌బోలీలో చెయ్యనియ్యండి. దేవునికి అనువాదకుడు అక్కర్లేదు. చెంచు పెంటలో చెంచు యాసలోనే వాక్యం చెప్పండి. టీవీ తెలుగు అక్కడ ఎందుకు?

రెండు, పాట కట్టే పని మన చేతికి తీసుకోండి. ప్రతి తండాలో పాట కట్టే ఆడోళ్లు ఉన్నరు. పెండ్లిలో అప్పటికప్పుడు మాట అల్లి పాడేటోళ్లకు, దేవుని మీద పాట అల్లడం పెద్ద పనా? కీబోర్డు పిల్లగాణ్ణి వెళ్లగొట్టమంటలేను. వాణ్ణి ఆ అమ్మ పక్కన కూర్చోబెట్టి, ఆమె పాటకు వాయించమనండి. ట్రాక్ ముందు పోయి అమ్మ వెనక పోవడం కాదు, అమ్మ ముందు పోవాలె.

మూడు, సౌండ్ బాక్సుల కోసం అప్పు చేయొద్దు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టొద్దని 2000 సంవత్సరం నుంచే చట్టం ఉన్నది. అది గుడికీ, మసీదుకూ, చర్చికీ ఒక్కటే. అంత చప్పుడు లేకుండానే మన తాతలు గుట్ట అవతలి దాకా వినిపించేలా పాడిండ్రు.

నాలుగు, పెద్దల పాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, క్రైస్తవులైనా కాకున్నా. ముందు వాళ్లను అడగండి, పేరు రాసుకోండి. తెచ్చి ఏ యూట్యూబ్ చానల్‌కో అప్పజెప్పొద్దు. పాట వాళ్లది, తండాది. రేపు ఎవడో స్టూడియోలో దానికి బీట్ వేసి, తన పేరు పెట్టుకొని అమ్ముకోవద్దు.

ఐదు, పాస్టరయ్యలకు, బైబిల్ ట్రైనింగ్ ఇచ్చే సంస్థలకు: గిరిజన పల్లెలకు మనిషిని పంపేటప్పుడు ఆ భాష నేర్పి పంపండి. తీజ్ గురించి, పెంట గురించి తెలుసుకోకుండా వచ్చి, రెండో వారమే "ఇది సాతాను క్రియ" అనే మనిషిని మా మీదికి పంపొద్దు.

2019లో నల్లమలలో యురేనియం కోసం వచ్చినప్పుడు మనం కాదన్నం. జనం లేస్తే అసెంబ్లీ కూడా తీర్మానం చేయాల్సి వచ్చింది. మొన్న మన బల్మూర్ మండలంలోనే మైలారం గుట్ట తవ్వుతామంటే ఊరు ఊరంతా అడ్డం నిలబడ్డది. గుట్ట మనది, అడగకుండా ముట్టొద్దు అన్నం. గుట్ట కింద ఏం ఉన్నదో బయటోడు తేల్చొద్దు అన్నప్పుడు, మన గొంతులో ఏం ఉండాలో మాత్రం బయటోడు ఎట్ల తేలుస్తడు? అడవిని అడిగినట్టే పాటను కూడా అడగాలె. గుట్ట పోతే కనీసం గుంత కనబడతది. పాట పోతే గుంత కూడా కనబడదు. ఒక ముసలమ్మ చచ్చిపోతది, మట్టి వేస్తం, ఇంటికొస్తం. ఏం పోయిందో కూడా తెలియదు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈసారి మీ సంఘంలో "పాత కీర్తనా, కొత్త వర్షిప్పా" అని పంచాయితీ పెడితే, లేచి నిలబడి మూడో మాట అడగండి: "మన పాట ఏది?" జవాబు రాకపోతే కూర్చోకండి. మీరే పాడండి.

జై ఆదివాసీ! జై గిరిజన!